ఎనభై ఏడో పేజీ

ఆగస్టు 4

పాలు, గ్యాసు, కూరలు, చర్చి కానుక అన్నీ లెక్కల పుస్తకంలో ఉన్నాయి. ఏ రోజుకారోజు సరిపోతాయి. సరిపోని సంగతులు రాసుకోవడానికి ఈ డైరీ తీశాను. మందుల షాపతను కొత్త సంవత్సరానికి ఇచ్చింది, ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది.

ఈరోజు ఈయన పుస్తకాల బీరువా దులిపాను. పై అరలో నదుల పుస్తకాలు, నడిమి అరలో ప్రయాణాల పుస్తకాలు, కింది అరలో విధి మీద రాసినవి. ఈయన కాలేజీలో తెలుగు చెప్పినన్నాళ్ళూ కొన్నవి ఈ మూడు రకాలే. ఇంట్లోకి ఏ పుస్తకం వచ్చినా ముందు నా చేతికే వస్తుంది. అందులో అతికించిన తప్పొప్పుల పట్టిక చూసి, ఆ పేజీ తీసి, తప్పు కొట్టేసి, పైన ఒప్పు రాస్తాను. అన్నీ దిద్దాకే ఆయన చదువుతారు. "ముందు దిద్దుకోండి, తర్వాత చదవండి" అని క్లాసులో పిల్లలకీ అదే చెప్పేవారు. పెన్నుతోనే దిద్దాలి. పెన్సిలు ఒప్పుకోరు. చెరిగిపోయేది దిద్దుబాటు కాదంటారు.

అలా దిద్దుతూ దిద్దుతూ అవన్నీ నేనూ చదివాను. ఆ పుస్తకాల్లో మగాళ్ళు ఏటి ఒడ్డున కూర్చోగానే వేడి అన్నం వస్తుంది. ఎవరు వండారో ఉండదు. పొద్దున లేవగానే ఉతికిన బట్టలు ఉంటాయి. ఎవరు ఉతికారో ఉండదు. నీటిని చూసి జీవితమంటే ఏమిటో తెలుసుకుంటారు. ఆ నీళ్ళు బిందెతో ఎవరు మోశారో మాత్రం తెలుసుకోరు.

ఇప్పుడు ఈయనే ఒక పుస్తకం రాశారు. జనవరిలో మేమిద్దరం చింతలపూడి వైపు నుంచి తమ్మిలేరు వెంట బయల్దేరి, ఏలూరు మీదుగా కొల్లేరుకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు వెంట సముద్రం దాకా వెళ్ళొచ్చాం. కొంత బస్సు, కొంత ఆటో, కొంత నడక. గ్యాసు పొయ్యి, బియ్యం, ఆయన బీపీ మాత్రలు నా సంచిలో ఉండేవి. దారి అడిగింది కూడా నేనే. దారి అడగడం ఆయనకి నామోషీ.

ఈరోజు అట్ట నమూనా వచ్చింది. ఏరు, ఏటి మీద సూర్యుడు, ఒడ్డున చేతికర్రతో ఒక మనిషి. పుస్తకం పేరు "ఏటి వెంట ఒక్కడినే".

"ఒక్కడినే ఏంటండీ?" అన్నాను.

"లోకంలో మనిషి ఒంటరివాడని, కుమారీ. అది కవిత్వం."

"మరి ఆ కవిత్వానికి వేళకి మాత్రలెవరిచ్చారు?"

"నీకన్నీ లెక్కలే" అన్నారు.

నాకేం కోపం లేదు.

ఆగస్టు 5

ఆ చేతికర్ర కూడా నాదే. నా మోకాలి నొప్పికి నేను తెచ్చుకున్నది.

ఆగస్టు 10, ఆదివారం

ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద మా సంఘ పెద్ద నెహెమ్యా గారు ఈయన్ని ఆపి, "ఒక్కరే అంత దూరం ఎలా వెళ్ళారండీ విశ్వాసం గారూ!" అన్నారు.

"దేవుడే నడిపించాడండీ" అన్నారు ఈయన.

నేను పక్కనే ఉన్నాను. బైబిలు, గొడుగు, ఆయన కళ్ళజోడు పెట్టె పట్టుకుని.

ఆగస్టు 17

బుచ్చిబాబు వచ్చాడు. ఈయన దగ్గర డిగ్రీ చదివాడు, ఇప్పుడు కలిదిండి వైపు రొయ్యల చెరువుల ఆసామి. అచ్చు ఖర్చంతా అతనిదే. అందుకని పుస్తకం అతనికే అంకితం. ఐసు పెట్టెలో రొయ్యలు తెచ్చాడు.

"అమ్మగారండీ, ఇవి మన చెరువువేనండి. మాస్టారికి ఇగురు పెట్టండి" అన్నాడు. ఆవిష్కరణ సెప్టెంబరు పద్నాలుగున. హాలు, శాలువాలు, ఫోటోలు అతను చూసుకుంటాడు. గారెలు నేను చూసుకోవాలి. ఎవరూ నన్ను అడగలేదు. "గారెలు అమ్మగారి చేతివే ఉండాలండి" అని అతను అన్నాడు, "దానికేం" అని ఈయన అన్నారు. అయిపోయింది.

"కొల్లేరు అధ్యాయం ప్రూఫులు నాకు రాలేదు" అన్నాను.

పుస్తకమంతా ప్రూఫులు నేనే దిద్దాను. అదొక్కటి మాత్రం, టైము లేదని, బుచ్చిబాబు మనిషి వచ్చి నేరుగా తాడేపల్లిగూడెం ప్రెస్సుకి పట్టుకుపోయాడు.

"అది నేను చూసుకున్నానండి, అమ్మగారూ. మీకెందుకు శ్రమ" అన్నాడు బుచ్చిబాబు.

నా శ్రమ గురించి ఒక్కసారి ఆలోచించాడు, అదీ ప్రూఫుల దగ్గర. గారెల దగ్గర ఆలోచించలేదు.

జనవరిలో రెండు రోజులు అతని చెరువుల మీదే ఉన్నాం. ఈయన్ని కారెక్కించుకుని పక్షుల్ని చూపించడానికి తీసుకెళ్ళాడు. నన్ను మోటారు షెడ్డు దగ్గర దింపి రెస్టు తీసుకోమన్నాడు. అక్కడ రత్నమాణిక్యం చేపలు తోముతోంది. ఆమె భర్త తోమా ఆ చెరువుకి కాపలాదారు. కిందటేడు దసరాల ముందే పోయాడు. నేనూ కత్తిపీట తీసుకుని కూర్చున్నాను. చేపలు అయ్యేసరికి ఆమె అంతా చెప్పింది.

చెరువులో రొయ్యకి గాలి అందడానికి చక్రాల మిషన్లు తిరుగుతుంటాయి. మబ్బు పట్టిన రోజు అవి ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. ఆ రోజు మబ్బు. చక్రానికి నాచు చుట్టుకుంది. స్విచ్ ఆపొద్దని ఆసామి ఫోన్‌లో చెప్పాడు. తోమా అలాగే దిగాడు. నీళ్ళలో కరెంటు తీగ అతుకు ఊడి ఉంది.

"తీగ మార్చమని అంతకు ముందే అడిగాడండి. ఈ రొయ్య పట్టుబడి అయ్యాక మారుద్దాంలే అన్నారండి" అంది. "పట్టుబడి బాగానే వచ్చిందండి ఆసారి."

రొయ్యలు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. ఈయన ఇగురేదని అడిగారు. పాడైపోయాయన్నాను.

ఆగస్టు 26

రత్నమాణిక్యం వచ్చింది. కలిదిండి నుంచి బస్సులు మారి, వట్లూరులో మా ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఈయన ఇంట్లో లేరు. ఆహ్వానాలు పంచడానికి వెళ్ళారు.

"మాస్టారు గారు మంచోరనుకున్నానండి" అంది. "మీతోనే కదండీ చెప్పుకున్నాను."

సంచిలోంచి మడతపెట్టిన జిరాక్సు కాగితం తీసింది. పుస్తకంలో ఒక పేజీ. ఎనభై ఏడు. కొల్లేరు అధ్యాయంలోది. నిలబడే చదివాను, తర్వాత కూర్చుని చదివాను.

"తోమా తాగిన మత్తులో గట్టు మీద నడుస్తున్నాడు. నీటి మీద వెన్నెల పరుచుకుని ఉంది. ఏరు అతణ్ణి పిలిచింది. ఏరు పిలిచాక ఆగగలవాడెవడు? విధి తన వాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది."

వెన్నెలట! తోమా పోయింది పొద్దున పదకొండు గంటలకి. ఏరట! అది బుచ్చిబాబు తవ్వించిన చెరువు. తాగిన మత్తట! బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచీ తోమా తాగలేదని, కావాలంటే సంఘంలో ఎవరినైనా అడగమని ఆమె నాతో చేపలు తోముతూ చెప్పింది.

వేసవిలో ఆమె ఏలూరు లేబర్ ఆఫీసులో నష్టపరిహారానికి అర్జీ పెట్టుకుంది. తోమా ఆ రోజు పనిలోనే లేడనీ, తాగి కాలవలో పడ్డాడనీ బుచ్చిబాబు జవాబు ఇచ్చుకున్నాడు. ఇప్పుడు ఈ కాగితం ఊళ్ళో పెద్దలకి తలా ఒకటి పంచాడు.

"అంత చదువుకున్నాయన స్వయంగా వచ్చి చూసి పుస్తకంలో వేశారు, ఇంక నీ మాట ఎవరు నమ్ముతారు అంటున్నారండి. సెప్టెంబరు పద్దెనిమిదిన వాయిదా. ఆ లోపల కేసు వద్దని సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే గుడిసె ఖాళీ చెయ్యాలంట."

"పెట్టకు" అన్నాను.

"మీరంటారండి. పేజీ మాస్టారిది కదండీ."

అన్నం తినమంటే తినలేదు. మంచినీళ్ళు మాత్రం తాగి వెళ్ళిపోయింది.

ఆగస్టు 27

నిన్న ఈయన వచ్చాక కాగితం ముందు పెట్టాను. మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తున్నాను, తర్వాత నేనే పెంచానని అనుకోకుండా ఉండటానికి.

"బాగానే వచ్చింది కదా ఈ పేరా" అన్నారు.

"తోమా తాగాడని మీకెవరు చెప్పారండీ?"

"బుచ్చిబాబు చెప్పాడు. అయినా అది ముఖ్యం కాదు. ముఖ్యమైంది ఆ పిలుపు."

"ఎవరి పిలుపు?"

"ఏటి పిలుపు."

"ఫోన్ పిలుపండీ అది. స్విచ్ ఆపకుండా దిగమన్న పిలుపు. ఇదంతా నేను మీకు చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"ఆకివీడు దగ్గర రైలు గేటు పడింది. గేటు తెరిచేదాకా చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

ఈయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గుర్తొచ్చినప్పుడే తుడుచుకుంటారు.

"ఏదో వాక్యం ఆలోచిస్తున్నానేమో. చూడు కుమారీ, పుస్తకం కోర్టు కాగితం కాదు. నీటి దగ్గర మనిషి పోతే విధి అని రాయడం సాహిత్యం."

"కరెంటు తీగ దగ్గర పోతే?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆదివారం గుడిలో దేవుని చిత్తం అంటారు, పుస్తకంలో విధి అంటారు. రెండిట్లోనూ బుచ్చిబాబు కనపడడు. ఆ పేజీ తీయించండి."

"అచ్చయిపోయింది. బైండింగు కూడా అయిపోయింది. ఇప్పుడు బుచ్చిబాబుకి ఏమని చెప్పమంటావు? హాలు అతనిది, ఖర్చు అతనిది. ముప్పై ఏళ్ళుగా అందరి పుస్తకాలూ చదివాను, నాదంటూ ఒక్కటి రావద్దా?"

ఆ చివరి మాట మాత్రం నిజమే. ఆ బీరువా ముందు నిలబడి తన పుస్తకం ఏ అరలో పెట్టాలా అని చూసుకోవడం నేనెన్నిసార్లు చూశాను. అయినా కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. అంత ఆశ పెట్టుకున్న పుస్తకంలో ఒక మనిషి చావుని బుచ్చిబాబుని అడిగి రాస్తారా?

ఆగస్టు 28

ఉప్మా. బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 29

ఉప్మా. ఈయనకి నిన్నటిది అనుకున్నారేమో, వాసన చూశారు.

సెప్టెంబరు 1

నాకు పేరు లేదనో, నా చేతికర్ర పెట్టుకున్నారనో ఇదంతా కాదు. అది వేరే సంగతి. దాన్నిప్పుడు తలుచుకోవడం లేదు. రత్నమాణిక్యం కోసమే.

ఇది ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు. ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 3

ఈరోజు బీరువాలోంచి ఒక నది పుస్తకం తీస్తే వెనకనుంచి తప్పొప్పుల పట్టిక ఊడి పడింది. పాతది, జిగురు ఎండిపోయింది. అందులో అన్నీ నేను ఎప్పుడో దిద్దేశాను. దాన్ని మళ్ళీ అతికించకుండా ఈ డైరీలో పెట్టుకున్నాను.

అచ్చయిపోయిన పుస్తకాన్ని మార్చడానికి లోకంలో ఒక్క దారి ఉంది. ముప్పై ఏళ్ళుగా అది నా పనే.

సెప్టెంబరు 4

పొద్దున్న రైలుకి తాడేపల్లిగూడెం వెళ్ళాను. నాకు చెల్లెలు వరస ఆవిడకి బాగోలేదని ఈయనతో చెప్పాను. ఆవిడకి నిజంగానే బాగోలేదు, ఎప్పుడూ బాగోదు. రైలు పెట్టెలో కూర్చుని, భీమడోలు దాటేలోపు చిన్న కాగితం మీద రాయడం పూర్తి చేశాను. పూళ్ళ స్టేషను దగ్గర ఒకసారి కొట్టేసి మళ్ళీ రాశాను.

ప్రెస్సులో కంప్యూటరు మీద అక్షరాలు పేర్చేది జెస్సీ. ప్రూఫుల మీద నా చేతిరాత చూసి చూసి నన్ను గుర్తుపట్టింది.

"మేడమ్, మీరే వచ్చారేంటండీ? పుస్తకాలు పదో తారీఖుకి మీ ఇంటికి పంపేస్తామండి."

"తప్పొప్పుల పట్టిక వెయ్యాలమ్మా. చిన్న చీటీ. పుస్తకానికొకటి."

కాగితం చూసింది. ఒకసారి చదివింది. నా మొహం చూసింది.

"మేడమ్, ఇవి అచ్చుతప్పులు కాదండీ."

"అచ్చయిన తప్పులే కదమ్మా."

"మా ఓనరు గారికి మాట వస్తుందండి. బుచ్చిబాబు గారు డబ్బు కట్టారండి."

"తప్పొప్పుల పట్టిక ఎప్పుడైనా డబ్బు కట్టినాయన ఇంటి నుంచి వచ్చిందా, రాసినాయన ఇంటి నుంచి వచ్చిందా?"

"రాసినాయన ఇంటి నుంచేనండి."

"నేను ఆ ఇంటిదాన్నే. ఇన్ని రోజులూ నేను దిద్దితే నువ్వు మార్చలేదూ? ఇదీ అంతే."

జెస్సీ తలుపు వైపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. కొడుతూ కొడుతూ, "మా బాబాయి కూడా చెరువు మీదే చేస్తాడండి" అంది.

చివరి వరస దగ్గర ఆగింది. "విధి అన్నచోట ఒప్పు... ఇలాగే వెయ్యనాండి?"

"అలాగే వెయ్యి."

"కింద ఇంకో వరసకి జాగా ఉందండి. ఇంకేమైనా తప్పులు ఉన్నాయాండి?"

అట్ట నమూనా గోడకి అంటించి ఉంది. ఏరు, సూర్యుడు, నా చేతికర్ర.

"లేవు" అన్నాను.

సెప్టెంబరు 11

నిన్న పుస్తకాల కట్టలు వచ్చాయి. చీటీలు ప్రెస్సుకి వెళ్ళిన రోజే నా సంచిలో వచ్చేశాయి. ఈరోజు ఈయన పొద్దున్నే వక్తల్ని పిలవడానికి వెళ్ళారు. మైదా జిగురు కాచాను, కొంచెం మైలుతుత్తం వేసి, పురుగు పట్టకుండా. చీటీని వెనక అట్ట లోపల అతికిస్తే ఎవరూ చూడరు. అందుకని ముందువైపే అతికించాను, పుస్తకం పేరున్న పేజీకి ఎదురుగా. కట్ట విప్పడం, అతికించడం, ఆరబెట్టడం, మళ్ళీ కట్టడం. హాల్లో నడవడానికి చోటు లేకుండా పుస్తకాలు.

ఇంకో కట్ట మిగిలి ఉండగానే ఈయన వచ్చేశారు. భోజనం వేళకి రారనుకున్నాను.

"ఏంటిదంతా?"

"తప్పొప్పుల పట్టిక."

"నేను రాయలేదే."

"మీరు ఎప్పుడు రాశారు కనక? ఎప్పుడు చూశారు కనక? అది నా పని కదా."

ఒక పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. చీటీలో ఉన్నవి నాలుగు వరసలు. వాటిని నాలుగు పేజీలంత సేపు చదివారు. నేను అతికిస్తూనే ఉన్నాను. ఒక్క చీటీ కూడా వంకర పోలేదు.

"చింపెయ్యాలంటే చింపెయ్యండి" అన్నాను. "జిగురు గట్టిది. పేజీతో సహా వస్తుంది. ఒక్కొక్కటీ మీరే చింపాలి. నేను సాయం చెయ్యను."

ఆయన చీటీ అంచు గోటితో గీరి చూశారు.

"ఆరిందా ఇది?" అన్నారు.

"ఆరింది."

పుస్తకం కట్ట మీద పెట్టేసి లోపలికి వెళ్ళి పడుకున్నారు. అన్నం తినలేదు.

సెప్టెంబరు 12

అవునని లేదు, కాదని లేదు. బుచ్చిబాబుకి ఫోన్ చేశారేమో తెలియదు. అడగను.

సెప్టెంబరు 13

మినపప్పు నానబోశాను. ఎంత కోపంలోనైనా పప్పు నానాలి. ఆ సంగతి ఏ ప్రయాణాల పుస్తకంలోనూ లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

సభ జరిగింది. వరసగా రాస్తాను.

సాయంత్రం బయల్దేరేముందు ఈయన "ఏ చొక్కా?" అని అడిగారు. మూడు రోజుల్లో ఇదే పెద్ద మాట. తెల్లది ఇచ్చాను. పెన్ను జేబులో పెట్టుకున్నారు. అది రోజూ పెట్టుకునేదే కనక నేనేమీ అనుకోలేదు.

హాలు నిండింది. ఈయన పాత విద్యార్థులే ఎక్కువ. నెత్తి మీద జుట్టు పోయినవాళ్ళు కూడా "మాస్టారూ" అంటూ కాళ్ళకి దణ్ణం పెడుతున్నారు. నేను ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాను, గారెల గిన్నె ఒళ్ళో పెట్టుకుని. దాన్ని దింపడానికి చోటు ఎవరూ చూపించలేదు.

బుచ్చిబాబు పుస్తకం కట్టకున్న రిబ్బను విప్పి, ఒకటి పైకెత్తి ఫోటో దిగాడు. అట్టే కనపడింది, లోపల తెరవలేదు. పుస్తకాలు అందరికీ పంచారు. వక్తలు ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ నది జీవితంలాంటిదన్నారు. ఒకాయన ఇంకొంచెం ముందుకెళ్ళి జీవితం నదిలాంటిదన్నారు. ఎనభై ఏడో పేజీలో విధి పిలుపు గురించి రాసింది చదివితే ఒళ్ళు గగుర్పొడిచిందని బుచ్చిబాబు మైకులో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గిన్నె అంచు నా వేళ్ళకి గుచ్చుకుంది.

అప్పుడు ఈయన లేచారు. శాలువా తీసి కుర్చీ మీద వేశారు. పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"బుచ్చిబాబూ" అన్నారు. క్లాసులో పిలిచినట్టే.

"ఆయ్, మాస్టారూ" అని బుచ్చిబాబు సగం లేచాడు. జనం నవ్వారు.

"పుస్తకం చదివే ముందు ఏం చెయ్యాలని చెప్పేవాణ్ణి?"

"ముందు దిద్దుకోండి, తర్వాత చదవండి అనేవారండి. దిద్దకపోతే బయట నిలబెట్టేవారండి!"

హాలంతా నవ్వు.

"అయితే పెన్నులు తియ్యండి."

నిజంగానే తీశారు. అంతంత పెద్దవాళ్ళు జేబులు తడుముకున్నారు. పెన్ను లేనివాళ్ళు పక్కవాళ్ళని అడుక్కున్నారు. బుచ్చిబాబు బంగారు రంగు పెన్ను తీసి, మూత విప్పి, పుస్తకం మోకాలి మీద తెరిచాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మొదటి పేజీకి ఎదురుగా చీటీ ఉంది. పుట ఎనభై ఏడు. తీశారా?"

కాగితాలు తిరిగిన చప్పుడు.

"మొదటి వరస. 'తాగిన మత్తులో' అన్నది తప్పు. 'పనిలో ఉండగా' అన్నది ఒప్పు. రాయండి."

బుచ్చిబాబు రాశాడు. నేను చూశాను. వేలు పెట్టుకుని ఆ మాట కొట్టేసి, పైన రాశాడు. అలవాటు మరి. రాసిన తర్వాత చదివాడు.

"రెండో వరస. 'వెన్నెల' తప్పు. 'పొద్దున పదకొండు గంటలు' ఒప్పు. మూడోది. 'ఏరు పిలిచింది' తప్పు. 'స్విచ్ ఆపకుండా దిగమన్నారు' ఒప్పు."

నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలో ఎవరో కుర్చీ జరిపారు. ఈయన చీటీ మీద వేలు కిందికి జరిపారు.

"నాలుగోది. 'విధి' తప్పు." ఆగారు. చీటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. అక్షరాలు కనపడక కాదు. "'బుచ్చిబాబు గారి చెరువులో ఊడిన తీగ' ఒప్పు. రాసుకోండి."

బుచ్చిబాబు లేచాడు. "మాస్టారూ, ఇదేంటండీ ఇది? ఎవరు వేశారండీ ఇది?"

ఆ ప్రశ్నకి గారెల గిన్నె కింద పెట్టి లేచి నిలబడాలనుకున్నాను. లేచేలోపే ఈయన అన్నారు:

"తప్పులు నావి. నిన్ను అడిగి రాశాను, అడగాల్సిన మనిషిని అడగలేదు. కూర్చో బుచ్చిబాబూ, ఇంకా క్లాసు అవ్వలేదు."

అతను కూర్చోలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఆ ఫోన్ మోగనేలేదు. పుస్తకం కుర్చీ మీదే ఉంది, మొదటి వరస దిద్ది ఉంది.

కొంతమంది అతని వెంట వెళ్ళారు. కొంతమంది తలొంచుకుని రాస్తూనే ఉన్నారు.

గారెలు సగం మిగిలాయి.

సెప్టెంబరు 15

ముందే నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా! మూడు రోజులు నన్ను అలా ఉంచి, అంతమంది ముందు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టి! అదే అడిగాను.

"నాకే తెలియదు కుమారీ, లేచేదాకా" అన్నారు.

నమ్మాను. అయినా ఒప్పుకోలేదు.

సెప్టెంబరు 16

బుచ్చిబాబు మనిషి అచ్చు ఖర్చు వెనక్కి ఇమ్మని వచ్చాడు. నా రెండు బంగారు గాజులు వెళ్ళాయి. అది లెక్కల పుస్తకంలో రాశాను. అక్కడ సరిపోయింది.

సెప్టెంబరు 18

వాయిదా. నేనూ ఈయనా లేబర్ ఆఫీసుకి వెళ్ళాం. రత్నమాణిక్యం సంతకం పెట్టలేదు. గుడిసె మాత్రం ఖాళీ చేయించారు, అక్క ఇంట్లో ఉంటోంది. బుచ్చిబాబు తరఫు లాయరు మళ్ళీ తేదీ అడిగాడు, ఇచ్చారు. ఇది తొందరగా తేలదు. ఆమె లాయరు పుస్తకం ఒకటి అడిగి తీసుకున్నాడు. చీటీ ఉన్న పుస్తకం. అవసరమైతే సాక్ష్యం చెబుతానని ఈయన కాగితం రాసిచ్చారు. ఒక్క వాక్యంలో, అలంకారాలు లేకుండా.

బయట చెట్టు కింద రత్నమాణిక్యం ఈయనతో మాట్లాడలేదు. నాతోనే మాట్లాడింది.

"పెద్దలు రావడం మానేశారండి. ఒకాయన మాత్రం వచ్చి, ఆ పుస్తకం నాకూ ఒకటి ఇప్పించమ్మా అన్నాడండి."

వెళ్ళేటప్పుడు ఈయన వైపు చూసి, "వస్తానండి మాస్టారూ" అంది. ఈయన చేతులు జోడించారు.

సెప్టెంబరు 21

ఈరోజు మళ్ళీ బీరువా దులిపాను. ఈయన పుస్తకం బల్ల మీదే ఉంది, ఇంటికని ఉంచుకున్న ప్రతి. ఏ అరలో పెట్టాలో చెప్పమన్నాను. విధి అరలో పెట్టమన్నారు. ఇంకా ఆ మాట వదల్లేదు మనిషి!

పెట్టబోతూ అలవాటుకొద్దీ తెరిచాను. ఎనభై ఏడో పేజీ నాలుగు వరసలూ పెన్నుతో దిద్ది ఉన్నాయి, ఆయన చేతిరాత. పుస్తకం పేరున్న పేజీ చూశాను. "ఏటి వెంట ఒక్కడినే" అన్నచోట "ఒక్కడినే" మీద గీత ఉంది. పైన చిన్నగా "ఇద్దరం" అని ఉంది.

పెన్సిలుతో.

ముప్పై ఏళ్ళు! చెరిగిపోయేది దిద్దుబాటు కాదని ముప్పై ఏళ్ళు నా చేతికి పెన్ను ఇచ్చిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు తీశారు. ధైర్యం చాల్లేదేమో, లేకపోతే నేను చూసి ఏమంటానో తెలుసుకుందామనేమో. పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నారు. పిలవలేదు.

బల్ల దగ్గర కూర్చుని, నా పెన్ను తీసి, ఆ గీత మీదే గీత, ఆ అక్షరాల మీదే అక్షరాలు దిద్దాను. ఇంకు ఆరేదాకా ఊదాను.

పుస్తకం ప్రయాణాల అరలో పెట్టాను.